ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే పాలు

చెట్టు కింద ఉడుత పిల్ల దొరికింది. బొటనవేలంత ఉంది, కళ్లు తెరవలేదు, పట్టుకుంటే చల్లగా తగిలింది. ఇంట్లో అందరికీ ముందు తట్టేది పాలే. గేదెపాలు కాస్త వెచ్చచేసి, దూది ముంచి నోటికి పెడతారు. పిల్ల రెండు గుటకలు వేస్తుంది. హమ్మయ్య అనుకుంటారు. తెల్లారి చూస్తే పొట్ట ఉబ్బి, బిగుసుకుపోయి ఉంటుంది. "తల్లి లేని పిల్ల, ఎట్టా బతుకుతుందిలే" అని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు దాని ప్రాణం తీసింది తల్లి లేకపోవడం కాదు, చల్లబడ్డ పేగులోకి వెళ్లిన ఆ పాలు.

దెబ్బతిన్న, తల్లికి దూరమైన చిన్న అడవి జంతువుల మీద జాలికి మన ఊళ్లలో కొదవ లేదు. కొదవంతా ఏది ముందు, ఏది వెనక అన్న వరస దగ్గరే. వరస తప్పితే మంచి పాలూ మంచి మందూ కూడా హాని చేస్తాయి. ఆ వరస ఎందుకలా ఉందో ఒకసారి అర్థమైతే ఇక మరిచిపోరు.

అసలు దానికి మన సాయం కావాలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి పిల్లలు ఎప్పుడు పడితే అప్పుడు దొరకవు, వాటికి కొన్ని అదనులున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల గాలికి కొబ్బరి, తాటి మట్టల మధ్య ఉన్న ఉడుత గూళ్లు రాలతాయి. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో కొమ్మలు కొట్టేటప్పుడు, పాత తాటాకు కప్పు విప్పేటప్పుడు పిల్లలు బయటపడతాయి. వరికోత మిషన్ కయ్యలోకి దిగితే చెవులపిల్లి (అడవి కుందేలు) కూనలు, అడవిపిల్లి కూనలు కనిపిస్తాయి. సరుగుడు, జామాయిల్ తోటలు నరికినప్పుడూ అంతే. ఈ సందర్భాల్లో చాలా వరకు తల్లి చచ్చిపోలేదు. పది గజాల అవతల దాక్కుని, మనం ఎప్పుడు వెళ్తామా అని చూస్తుంటుంది.

చెవులపిల్లి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మన మంచితనం వల్ల ఎక్కువగా నష్టపోయేది అదే. పెంపుడు కుందేలు పిల్లలు వెంట్రుక లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. చెవులపిల్లి కూన అలా కాదు, పుట్టేటప్పటికే ఒంటినిండా బొచ్చు, తెరిచిన కళ్లు. తల్లి దాన్ని గడ్డిలో ఒంటరిగా వదిలి దూరంగా ఉంటుంది. రాత్రిపూట వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. తన వాసన పట్టుకుని నక్క, కుక్క కూన దాకా రాకుండా ఆ జాతి నేర్చుకున్న జాగ్రత్త అది. గట్టు పక్కన కదలకుండా కూర్చున్న కూన అనాథ కాదు. గాయం, రక్తం, ఈగలు లేకపోతే ఉన్నచోటే వదిలేయాలి. మిషన్ వస్తుంటే దగ్గర్లోని పొదలోకి, నాలుగైదు గజాలు మాత్రమే జరపాలి. ఇంటికి తెచ్చారంటే, ఎంత బాగా చూసినా అది బతికే అవకాశం బాగా పడిపోతుంది. బెదురుతోనే చచ్చిపోయే జీవి అది.

అడవిపిల్లి కూనలు, మానుపిల్లి (పునుగు జాతి జంతువు) పిల్లలు దొరికితే ఆ చుట్టూ రెండు మూడు గజాల మేర పంట కోయకుండా వదిలి, మిగతా కయ్య కోసుకోవచ్చు. అంచు తక్కువున్న తట్టలో కూనల్ని అదే చోట పెట్టి, మనుషులూ కుక్కలూ దూరంగా ఉంటే, చాలాసార్లు రాత్రికి తల్లి ఒక్కొక్కదాన్నీ మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మహారాష్ట్రలో జున్నర్ ప్రాంతపు చెరకు తోటల్లో దొరికిన చిరుతపులి కూనల్ని కూడా అటవీశాఖ వాళ్లు ఇదే పద్ధతిలో తల్లుల దగ్గరికి చేరుస్తున్నారు.

ఉడుత పిల్లకైతే ఒక కొబ్బరిచిప్పో, చిన్న బుట్టో చాలు. అందులో నూలు గుడ్డ పరిచి, కింద వెచ్చటి నీళ్ల సీసా పెట్టి, పడిన చెట్టుకే తల ఎత్తున కట్టాలి. చీమలు ఎక్కకుండా చూసుకోవాలి. ఉడుత తల్లికి ఒకటికి రెండు గూళ్లు ఉంటాయి, ఒకటి పోతే పిల్లల్ని రెండోదానికి మోస్తుంది. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట నిజం కాదు. పగటి వెలుతురులో మూడు నాలుగు గంటలు ఆగి చూడండి. ఉడుత రాత్రి తిరగదు కాబట్టి చీకటి పడ్డాక ఎదురుచూసి లాభం లేదు. పిల్లను రాత్రికి వెచ్చగా ఉంచి, తెల్లారగానే ఇంకోసారి ప్రయత్నించవచ్చు.

ఒక్క షరతు. చల్లబడ్డ పిల్లను అలాగే బుట్టలో పెట్టకూడదు. చల్లటి పిల్ల కూయదు, కూయని పిల్లను తల్లి పట్టించుకోదు.

వేడి

తల్లి కనిపించలేదు, లేదా పిల్లను పిల్లి కరిచింది, లేదా ఈగలు గుడ్లు పెట్టాయి. అప్పుడు మన పని మొదలవుతుంది.

చెప్పుల అట్టపెట్టె తీసుకోండి. గాలికి కన్నాలు ముందే పొడవండి, పిల్లను లోపల పెట్టాక కాదు. అడుగున కాగితం, పైన పాత పంచె ముక్కో చీర ముక్కో. టర్కీ టవలు వద్దు. దాని పోగుల ఉచ్చుల్లో గోళ్లు చిక్కుకుని వేళ్లు విరుగుతాయి, పోగు కాలికి చుట్టుకుంటే రక్తం ఆగి పాదం నల్లబడుతుంది. అర లీటరు నీళ్ల సీసాలో బాగా వేడిగా ఉన్న నీళ్లు పోసి, మూత బిగించి, గుడ్డ రెండు మడతలు చుట్టి, పెట్టెలో ఒకవైపు పెట్టండి. రెండోవైపు ఖాళీగా ఉండాలి. వేడి ఎక్కువైతే పిల్ల అటు జరగగలగాలి. కళ్లు తెరవని పిల్ల పెద్దగా జరగలేదు కాబట్టి దాని బదులు మనం చూసుకోవాలి. వెంట్రుక రాని పిల్లకు దాని చుట్టూ 32 నుంచి 35 డిగ్రీలు, వెంట్రుక వచ్చి కళ్లు తెరవనిదానికి 29 నుంచి 32 డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు లేకపోతే మణికట్టు లోపలివైపు పెట్టి చూడండి. హాయిగా వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు.

సీసా చల్లారితే మాత్రం పని తిరగబడుతుంది. అప్పటిదాకా వేడి ఇచ్చిన సీసాయే పిల్ల ఒంట్లోని వేడి లాగేసుకుంటుంది. అందుకే గంటకోసారి నీళ్లు మార్చాలి. పైన బల్బు వేలాడదీసే అలవాటు మంచిది కాదు, అది ఒంట్లో నీటిని ఎండగొడుతుంది.

ఇంత వేడి ఎందుకంటే, చిన్న పిల్ల ఒంటికి సొంతంగా వేడి పుట్టించుకునే శక్తి ఉండదు. ఒళ్లు చల్లబడితే పేగు కదలిక ఆగిపోతుంది. కుక్కపిల్లల్లో, పిల్లికూనల్లో ఒంటి వేడి 35 డిగ్రీల కంటే దిగితే పాలు అరగవని పశువైద్యులకు తెలుసు. కదలని పేగులో పాలు పులుస్తాయి, గాలి పుడుతుంది, పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను పైకి నెడుతుంది. మొదట్లో చెప్పిన ఉడుత పిల్లకు జరిగింది ఇదే. కాబట్టి పొట్ట కింద వేలు పెడితే మన వేలి కంటే వెచ్చగా తగిలేదాకా నోట్లో ఏదీ వేయకూడదు. అరగంట పట్టవచ్చు, గంట పట్టవచ్చు. ఆ గంట ఆగడం చాలా కష్టం, ఎందుకంటే పిల్ల నోరు తెరిచి వెతుకుతుంటుంది. అయినా ఆగాల్సిందే.

రోహిణి కార్తెలో లెక్క వేరు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం 40 డిగ్రీలున్నప్పుడు వేడినీళ్ల సీసా పెడితే పిల్ల ఉడికిపోతుంది. ఒళ్లు ఎర్రబడి, కాళ్లు చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది వడదెబ్బ. పెట్టెను చల్లటి గదిలోకి మార్చి, పెట్టె బయట తడిగుడ్డ చుట్టండి. పిల్ల మీద చన్నీళ్లు పోయకండి. బండి డిక్కీలో పెట్టి తీసుకెళ్లడం ఎండాకాలంలో నేరుగా చంపడమే.

నీళ్లు

వెచ్చబడ్డ పిల్లకు తర్వాత కావలసింది నీరు. భుజాల మధ్య చర్మాన్ని మెల్లగా పట్టి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే పర్వాలేదు. గుడారంలా అలాగే నిలబడితే ఒంట్లో నీరు తగ్గింది. కొన్ని గంటలు తల్లికి దూరమైన పిల్లల్లో దాదాపు అన్నిటికీ నీరు తగ్గే ఉంటుంది.

మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడి చాలు. పెద్ద ప్యాకెట్‌కు కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు, ప్యాకెట్ మీద రాసినట్టే. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు వద్దు, వాటిలో చక్కెర ఎక్కువ. గోరువెచ్చగా చేసి, సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితో చుక్క చుక్కగా పట్టాలి. మొదటి రెండు విడతలు ఇదే. ఇంట్లో తగిన పాలపొడి లేకపోతే ఆ రాత్రికి ఇదే పట్టి, తెల్లారి షాపు తెరిచాక చూసుకోవచ్చు. ఒక్క రాత్రి ఓఆర్‌ఎస్ మీద ఉన్న పిల్ల బతుకుతుంది, ఆ రాత్రి గేదెపాలు తాగిన పిల్ల బతక్కపోవచ్చు.

వెచ్చబడినా మింగలేకపోతోందంటే ఇంట్లో చేయగలిగింది అయిపోయినట్టే. పశువైద్యుడు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. స్పృహ లేని జంతువు నోట్లో నీళ్లు పోయడమనే పొరపాటు మన దగ్గర చాలా ఎక్కువ. రోడ్డు మీద దెబ్బ తగిలిన ముంగిసకు, మానుపిల్లికి ఎవరో ఒకరు సీసా ఎత్తి పోస్తారు. ఆ నీళ్లు పొట్టలోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పాలు

గేదెపాలు, ఆవుపాలు ఎందుకు పడవు? గేదెపాలలో కొవ్వు ఆరేడు శాతం, పాల చక్కెర అయిదు శాతం దగ్గర. ఆవుపాలలో కొవ్వు నాలుగు శాతం, చక్కెర దాదాపు అంతే. కుందేలు పాలు చూడండి, కొవ్వు, మాంసకృత్తులు ఒక్కొక్కటీ పది శాతం పైన, చక్కెర రెండు శాతం లోపు. ఉడుత పాలు కూడా ఈ కోవకే చెందుతాయి, చిక్కన ఎక్కువ, తీపి తక్కువ. తక్కువ చక్కెరకు అలవాటుపడిన పేగులో ఎక్కువ చక్కెర పడితే అరగదు. అరగని చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. పది గ్రాముల పిల్లకు రెండు విరేచనాలు చాలు ప్రాణం మీదికి రావడానికి. పసిపిల్లల డబ్బాపాలు కూడా ఇంతే, అవి మనిషి పిల్లల కోసం తియ్యగా చేసినవి.

నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో పెంపుడు జంతువుల షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి, పిల్లికూనల పాలపొడి దొరుకుతాయి. ఉడుతకు కుక్కపిల్లల పొడి, అడవిపిల్లి కూనలకు, మానుపిల్లికి పిల్లికూనల పొడి. మామూలుగా ఒక వంతు పొడికి రెండు వంతుల కాచిన నీళ్లు, డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే. చల్లటి పిల్లకు పాలు ఎలా పనికిరావో, నీరు తగ్గిన పిల్లకు ఒకేసారి చిక్కటి పాలు అలాగే పనికిరావు. మొదట ఒక వంతు పాలకు మూడు వంతుల ఓఆర్‌ఎస్, తర్వాత సగం సగం, తర్వాత మూడు వంతుల పాలు, ఆఖరికి పూర్తి పాలు. ఒక్కో మెట్టు మీద రెండు మూడు విడతలు, మొత్తం ఒకటిన్నర రోజు. మధ్యలో విరేచనం పలచబడితే ఒక మెట్టు వెనక్కి దిగాలి.

ఎంత పట్టాలన్నది కొలిచి చూడాలి, కంటి అంచనా కుదరదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి, అందులో పిల్లను ఉంచి తూచండి. ఒక విడతకు ఒంటి బరువులో అయిదు శాతం. పది గ్రాముల పిల్లకు అర మిల్లీలీటరు, ఇరవై గ్రాములకు ఒకటి, నలభై గ్రాములకు రెండు. వెంట్రుక రాని పిల్లకు రెండు గంటలకోసారి, వెంట్రుక వచ్చి కళ్లు తెరవనిదానికి మూడు గంటలకోసారి, తెరిచాక నాలుగు గంటలకోసారి. ఉడుత పిల్ల కళ్లు తెరవడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. రోజూ పొద్దున్నే, మొదటి పాలకు ముందు తూచి రాసుకోండి. రెండు రోజులు బరువు పెరగలేదంటే ఎక్కడో తప్పు జరుగుతోంది.

పట్టే తీరు మీదే సగం బతుకు ఆధారపడి ఉంది. పసిబిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టినట్టు పడుకోబెట్టకూడదు. పొట్ట కిందికి, తల కాస్త పైకి, తల్లి కింద దూరి తాగినట్టు ఉండాలి. సిరంజి కొన పెదవి పక్కన పెట్టి ఒక్క చుక్క వదలండి. నాకి మింగాక ఇంకో చుక్క. ఆకలి మీద ఉన్న పిల్ల రెండు చేతులతో సిరంజి పట్టుకుని లాగుతుంది, మనకు ముద్దొచ్చి కాస్త నొక్కుతాం. అంతే, ముక్కులోంచి బుడగ వస్తుంది. వెంటనే ఆపి, తల కిందికి వంచి, ముక్కు తుడవండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఒకటి రెండు రోజుల్లో నిమోనియా వస్తుంది. ఊపిరి తీసేటప్పుడు చిన్నగా టిక్ టిక్ మన్న చప్పుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం దాని గుర్తులు. చెవి దగ్గర పెట్టుకుని వింటే తెలుస్తుంది. అప్పుడు యాంటీబయాటిక్ కావాలి, అది వైద్యుడే ఇవ్వాలి. కొత్తవాళ్ల చేతుల్లో పోయే పిల్లల్లో ఎక్కువ భాగం ఇలా పోయేవే.

ఇంకొకటి ఎవరికీ తట్టదు. కళ్లు తెరవని పిల్ల తనంతట తాను ఒంటికి, రెంటికి పోలేదు. తల్లి నాకితేనే పోతుంది. ప్రతి పాలకు ముందూ వెనకా గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదితో తోక కింద మెల్లగా తట్టినట్టు తుడవాలి, ఒక నిమిషం చాలు. చేయకపోతే మూత్రం నిండి మూత్రాశయం పగులుతుంది. పిల్ల బాగా తాగుతూ, పొట్ట గట్టిగా, ఏడుస్తూ ఉందంటే ముందు ఇది చూడండి.

చెవులపిల్లి కూనను తప్పనిసరై ఉంచుకోవాల్సి వస్తే ఈ గంటల లెక్కలు దానికి వర్తించవు. తల్లి రోజుకు ఒకసారి ఇచ్చేదాన్ని మనం ఎనిమిదిసార్లు ఇస్తే పేగు తట్టుకోదు. రోజుకు రెండుసార్లు, మొదటి వారం దాటకముందే పక్కన లేత గరిక. వీలైనంత త్వరగా తెలిసినవాళ్ల చేతికి అప్పగించడం మేలు. ఒంటినిండా పెంకులుండే అలుగుకైతే ఇంట్లో పెట్టగల తిండే లేదు, చీమలు, చెదలు తప్ప ముట్టదు. పెద్ద కళ్ల చిన్న జంతువు దేవాంగపిల్లికి కూడా తగిన తిండి ఇంట్లో పెట్టలేం. ఇవి రెండూ దొరికితే చీకటి పెట్టెలో ఉంచి వెంటనే అటవీశాఖకు ఫోన్ చేయడమే. వీటికోసం దొంగవ్యాపారం తిరుగుతుంటుంది కాబట్టి ఫొటోలు, ఊరి పేరు ఎక్కడా పెట్టకండి.

బాగానే ఉంది అనుకున్నాక

ఆరు వారాల ఉడుత గంతులు వేస్తుంటుంది. వేరుశనగ గింజ ఇస్తే రెండు చేతులా పట్టుకుని తింటుంది, ఇంటిల్లిపాదికీ ముచ్చట. ఇంకో నెలకు వెనక కాళ్లు ఈడుస్తుంది. కింద పడకపోయినా ఎముక విరుగుతుంది. పక్షవాతం అనుకుంటారు, అది సున్నం (కాల్షియం) కొరత.

ఎదిగే ఎముకకు తిండిలో భాస్వరం ఒక పాలు ఉంటే సున్నం ఒకటిన్నర, రెండు పాళ్లు ఉండాలి. వేరుశనగలో తిరగబడి ఉంటుంది, సున్నం ఒకటైతే భాస్వరం నాలుగు. పొద్దుతిరుగుడు గింజల్లో ఇంకా ఘోరం. రక్తంలో సున్నం తగ్గితే ఒళ్లు దాన్ని ఎముకలోంచి తోడుకుంటుంది, ఎముక గుల్లబారుతుంది. బిస్కెట్లు, బ్రెడ్డు, అన్నం పెట్టినా ఇదే జరుగుతుంది. మునగాకు, తోటకూర కాడలు, చింతచిగురు, జామకాయ ముక్క, వేపపండు, మర్రిపండు, లేత బెరడున్న కొమ్మలు పెట్టండి. మునగాకులో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే సున్నం, భాస్వరం దానిలో చిన్న వంతు. గింజలు ఆఖర్న, రోజుకు ఒకటో రెండో. పొద్దుటి ఎండలో పావుగంట, అరగంట పంజరం పెట్టండి, నీడ కూడా ఉండేలా. కిటికీ అద్దం వెనక ఎండ పనికిరాదు, డి విటమిన్ పుట్టించే కిరణాన్ని అద్దం ఆపేస్తుంది.

గాయాలు, మందులు

పిల్లి కరిచిన ఉడుతకు గాయం కనిపించకపోవచ్చు. సూది గుచ్చినంత రంధ్రం, బొచ్చు కింద. పిల్లి కోరల మీద ఉండే పాశ్చురెల్లా అనే బాక్టీరియా ఆ రంధ్రంలోంచి రక్తంలోకి పోతే ఒకటి రెండు రోజుల్లో చంపేస్తుంది. పిల్లి నోట్లోంచి తీసిన పిల్ల ఎంత హుషారుగా ఉన్నా అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. అయితే ఏది? పిల్లి కాటుకు వైద్యులు మామూలుగా వాడే అమాక్సిసిలిన్ రకాన్ని చెవులపిల్లికి నోటిద్వారా ఇస్తే దాని పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరిగి ప్రాణం తీస్తాయి. పిడుదుల కోసం కుక్కలకు వేసే ఫిప్రోనిల్ మందూ కుందేలు జాతికి విషమే. అడవిపిల్లికి పారాసిటమాల్ ఒక్క బిళ్ల చాలు చంపడానికి, పెర్మెత్రిన్ పొడి కూడా అంతే. ఒక జంతువుకు మందైనది ఇంకోదానికి విషం కావడం ఈ పనిలో రోజూ ఎదురయ్యే మాట. మన ఇంటి మందులపెట్టె మూసి ఉంచండి.

గాయం మీద తెల్లటి రవ్వలాంటివి కనిపిస్తే అవి ఈగ గుడ్లు. కొన్ని గంటల్లో పురుగులవుతాయి. పాత టూత్‌బ్రష్షుతో, పట్టకారుతో ఒక్కటీ వదలకుండా ఏరాలి. చెవులు, కళ్ల మూలలు, తోక కింద మరీ చూడాలి. గొడ్ల పుండుకు పోసినట్టు ఫినాయిల్, కిరసనాయిలు, కలరా ఉండల పొడి వేయకండి. మూడు వందల కిలోల గేదె తట్టుకున్నది ఎనభై గ్రాముల ఉడుత తట్టుకోదు. ఉప్పునీళ్లతో, అంటే లీటరు నీళ్లకు తొమ్మిది గ్రాముల ఉప్పుతో కడిగి వైద్యుడికి చూపించండి.

రొయ్యల చెరువుల మీద, జామ తోటల మీద కట్టిన నైలాన్ వలల్లో, చెవులపిల్లికి పెట్టిన తీగ ఉచ్చుల్లో చిక్కినవి కనిపిస్తే కోసి అక్కడే వదిలేస్తుంటారు. ఎగిరిపోయింది, పరుగెత్తింది అని సంతోషం. తీగ నొక్కినచోట రక్తం ఆగిన కండ ఆ రోజు మామూలుగానే ఉంటుంది, నాలుగైదు రోజులకు కుళ్లుతుంది. కరెంటు షాకుదీ ఇదే లక్షణం. అందుకే వారం రోజులైనా కళ్లముందు ఉంచాలి.

పెద్ద జంతువును చేత్తో పట్టకండి. రోడ్డు పక్కన పడ్డ మానుపిల్లి మీద ముందు మందపాటి దుప్పటి, దాని మీద కూరగాయల క్రేటు బోర్లించి, కింద నుంచి ప్లైవుడ్ ముక్క దూర్చి ఎత్తాలి. వెన్ను విరిగి ఉంటే కదలకుండా ఉండేది కూడా ఆ చెక్క మీదే. పైన గుడ్డ కప్పితే చీకట్లో సగం బెదురు తగ్గుతుంది.

వెచ్చటి రక్తమున్న, పాలిచ్చే ఏ జంతువుకైనా రేబిస్ రావచ్చు. మన దేశంలో ముంగిసల్లో, నక్కల్లో, అడవిపిల్లుల్లో ఆ ప్రమాదం నిజంగా ఉంది. మనిషిని చూసి పారిపోని, ఊగుతూ నడిచే, ఎదురొచ్చే ముంగిసను ముట్టుకోవద్దు. కరిస్తే, గీరితే సబ్బు, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఉడుత, ఎలుక కాటుకు టీకా అరుదుగా అవసరమవుతుంది, కానీ ఆ మాట చెప్పాల్సింది వైద్యుడు. ఈ పని తరచూ చేసేవాళ్లు ముందుగానే టీకా వేయించుకోవాలి, 0, 7, 21 లేదా 28 రోజుల్లో. గబ్బిలాన్ని తోలు గ్లవుజులు లేకుండా పట్టుకోవడం అసలే కూడదు.

చట్టం, వదలడం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఇలాంటి జంతువులు ప్రభుత్వ ఆస్తి. మీ చేతికి వస్తే 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, అంతకుముందు కాకులు, ఎలుకలతో కలిపి హానికర జీవుల జాబితాలో ఉన్న పళ్లు తినే గబ్బిలాలు కూడా ఆ జాబితాలో లేవు, ఆ షెడ్యూలునే తీసేశారు. బీట్ ఆఫీసరుకో రేంజ్ ఆఫీసుకో ఫోన్ చేసి, తేదీ, చోటు, జంతువు వివరం వాట్సాప్‌లో పంపి ఉంచుకుంటే మీకే రక్షణ. పెద్ద చికిత్స అవసరమైతే అటవీశాఖ వాళ్లు తిరుపతి జూపార్కు దాకా తీసుకెళ్లాల్సి రావచ్చు. నెల్లూరు నుంచి మూడు గంటల దారి, ఒంగోలు నుంచి ఇంకా ఎక్కువ. ఎండాకాలం అయితే తెల్లవారుజామునే బయలుదేరాలి. కోలుకోలేని దెబ్బ తగిలితే నొప్పి లేకుండా ముగించే నిర్ణయం వైద్యుడిది. దాన్ని ఓటమిగా చూడకండి, వెన్ను విరిగిన ముంగిసను నెలల తరబడి పంజరంలో ఉంచడం దానికి చేసే మేలు కాదు.

ఉడుత వదలడానికి సిద్ధమా కాదా అన్నది పది, పన్నెండు వారాలకు తెలుస్తుంది. గింజ పెంకు తానే ఒలవాలి, పిల్లిని చూసి కొమ్మ మీదికి దూకి అరవాలి, మిమ్మల్ని చూసి కూడా పారిపోవాలి. చేతి మీదికెక్కే ఉడుత సిద్ధంగా లేదు. ఒంటరిగా పెరిగిన పిల్లలకు ఈ బెదురు రాదు. అందుకే రెండు మూడు పిల్లలు దొరికితే విడదీయకుండా ఒకేచోట పెంచాలి. చివరి మూడు వారాలు మనుషుల మాట, టీవీ చప్పుడు వినపడని చోట, మనిషి ఎత్తు పంజరంలో కొమ్మలు పెట్టి ఉంచాలి.

అడవిలో వదిలేస్తే హాయిగా ఉంటుందని నల్లమల దాకా, పెంచలకోన దాకా తీసుకెళ్లేవాళ్లున్నారు. ఊరి చింతచెట్టు మీద పుట్టిన ఉడుతకు ఆ అడవిలో తిండి ఎక్కడో తెలియదు, దాగే తొర్ర తెలియదు, అక్కడి ఉడుతలు దాన్ని తరిమేస్తాయి. దొరికిన చోటే, ఆ చెట్టే. వాయుగుండం కబురు లేని వారం చూసుకుని, పొద్దున్నే, పెంచిన గూటిపెట్టెనే చెట్టుకు కట్టి తలుపు తెరిచి ఉంచండి. పట్టుకుని బయటికి వదలొద్దు, దానంతట అది రావాలి. రెండు వారాలు అదే పెట్టె దగ్గర మునగాకు, పండు, నాలుగు గింజలు పెడుతూ, రోజురోజుకూ తగ్గించండి. మొదటి రాత్రులు తిరిగొచ్చి పెట్టెలోనే పడుకుంటుంది, తర్వాత ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. వరసగా నాలుగు రోజులు గింజలు ముట్టకుండా, లోపలి పీచు నలగకుండా ఉంటే పెట్టె దించేయవచ్చు.